ఈ డ్రైవరు ఆ డ్రైవరు కాదు

డ్రైవరు అనగానే మనవాళ్ళకి రెండే గుర్తొస్తాయి. ఒకటి, పొద్దున్నే ఆఫీసు క్యాబ్ తెచ్చే ఆయన. రెండు, ప్రింటరు మొరాయించినప్పుడు తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేది. నేను చెప్పబోయేది మూడోది. గోల్ఫులో ఆట మొదలుపెట్టేటప్పుడు, పుల్లలాంటి టీ మీద బంతిని నిలబెట్టి, శక్తంతా పెట్టి బాదడానికి వాడే పొడుగాటి కర్ర. సంచీలో ఉన్న కర్రలన్నిటిలోకీ పొడుగైనదీ, తల పెద్దదీ అదే.

"గోల్ఫా? అది డబ్బున్నోళ్ళ ఆట కదా" అనకండి. ఆట సంగతి నాకూ పెద్దగా పట్టదు. కానీ మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్లోకొచ్చి పడ్డ బాపతు వాడిని కాబట్టి, ఈ వస్తువు చరిత్ర నన్ను బాగా పట్టుకుంది. ఎందుకంటే ఇందులో ఆకారం ముందు వచ్చింది, కారణం తర్వాత వచ్చింది. మధ్యలో కొన్ని దశాబ్దాలపాటు అందరూ నమ్మిన కారణం తప్పు. తప్పు అని ముందే రాసిపెట్టిన పుస్తకం ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. మన ప్రాజెక్టుల్లో జరగట్లేదూ ఇలాంటివి?

ముందు బంతి సంగతి చూద్దాం. 19వ శతాబ్దం మధ్యలో గట్టా పెర్చా అనే చెట్టుపాల జిగురుతో బంతులు చెయ్యడం మొదలైంది. కొత్తవి నున్నగా ఉండేవి, సరిగ్గా ఎగిరేవి కావు. దెబ్బలు తిని గీతలు పడ్డ పాత బంతులే బాగా ఎగురుతున్నాయని ఆడేవాళ్ళే గమనించారు. దాంతో తయారుచేసేవాళ్ళు కొత్త బంతులకే సుత్తితో గాట్లు పెట్టడం మొదలెట్టారు. ఎందుకు పనిచేస్తోందో ఎవరికీ తెలీదు, పనిచేస్తోంది, అంతే. ఇప్పుడు మనం చూసే గుంటల బంతికి ఇంగ్లండులో విలియం టేలర్ 1905లో పేటెంటు తీసుకున్నాడు.

ఎందుకు ఎగురుతోంది అన్న ప్రశ్నని గట్టిగా పట్టుకున్నది ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు ప్రొఫెసరు పీటర్ గత్రీ టెయిట్. ఈయన కొడుకు ఫ్రెడ్డీ టెయిట్ 1896లోనూ 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ చాంపియన్. ఇంట్లోనే ప్రయోగశాల అన్నమాట. 1890ల్లో టెయిట్ తేల్చిందేంటంటే, బంతి అంతసేపు గాల్లో ఉండడానికి కారణం దానికున్న వెనక్కి తిరిగే స్పిన్. క్రికెట్ తెలిసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. లెగ్ స్పిన్నరు టాప్ స్పిన్ వేస్తే బంతి బ్యాట్స్‌మన్ అనుకున్నదానికంటే ముందే ఠక్కున దిగిపోతుంది కదా, దాన్ని తిరగేయండి. వెనక్కి తిరిగే బంతిని గాలి పైకి ఎత్తుతుంది. 1910లో జె.జె. థామ్సన్, అవును, ఎలక్ట్రాన్ కనిపెట్టిన ఆయనే, లండన్లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్లో గోల్ఫు బంతి గమనం మీదే ఒక ఉపన్యాసం ఇచ్చాడు. స్పిన్ ఉన్న బంతి దారి ఎలా వంగుతుందో చూపించడానికి, అయస్కాంత క్షేత్రంలో వంగే ఎలక్ట్రాన్ల ధారని వాడాడట. ఇలాంటి డెమో మన ఇంటర్లో ఎవరైనా చూపించి ఉంటే నేను ఫిజిక్సులోనే ఉండిపోయేవాణ్ణేమో :-)

ఇక్కడే డ్రైవరు చేసేవాడికి అసలు చిక్కు మొదలవుతుంది. స్పిన్ ఎక్కడ్నుంచి వస్తుంది? కర్ర ముఖం నిటారుగా ఉండకుండా కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలుని లాఫ్ట్ అంటారు. లాఫ్ట్ పెంచితే బంతి ఎక్కువ కోణంలో లేస్తుంది, కానీ దాంతోపాటు స్పిన్ కూడా పెరుగుతుంది. మరీ ఎక్కువైతే బంతి బెలూన్‌లా పైపైకి లేచి, ఉన్నచోటే దభీమని పడుతుంది. లాఫ్ట్ తగ్గిస్తే స్పిన్ తగ్గుతుంది, కానీ బంతి లేవదు. కావలసింది ఎత్తుగా లేవడం, తక్కువ తిరగడం. ఆ రెండూ ఒకే నాబ్‌కి కట్టేసి ఉన్నాయి. రెండు మాడ్యూళ్ళు ఒకే గ్లోబల్ వేరియబుల్ మీద ఆధారపడి ఉంటే ఎలా ఉంటుందో, అలాగ. గత వందేళ్ళ డ్రైవరు చరిత్రలో చాలా భాగం, ఆ రెంటినీ విడదియ్యడానికి పడ్డ పాట్లే.

1880ల్లో స్కాట్లాండు, ఇంగ్లండుల్లో బల్జర్ అనే కర్ర వచ్చింది. దాని ముఖం చదునుగా కాకుండా పక్కనుంచి పక్కకి కొంచెం ఉబ్బెత్తుగా ఉండేది. నేనంటే నేను కనిపెట్టానని ఇద్దరు కొట్టుకున్నారు, ఆ తగాదా వదిలేద్దాం. విచిత్రం ఏంటంటే చదును ముఖం కంటే ఉబ్బు ముఖం ప్రమాదం కదా, మధ్యలో తగలకపోతే బంతి పక్కకి పోవాలి. నిజంగానే పక్కకి బయల్దేరుతుంది, కానీ గాల్లో వంపు తిరిగి మధ్యకి వచ్చేస్తుంది!

దీని వెనక కిటుకు ఇది. డ్రైవరు తల లావు కాబట్టి గరిమనాభి ముఖానికి బాగా వెనక ఉంటుంది. బంతి ముఖం చివరన తగిలితే తల గరిమనాభి చుట్టూ గిర్రున తిరుగుతుంది. అప్పుడు ముఖమూ బంతీ రెండు పళ్ళ చక్రాల్లాగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తల ఒకవైపు తిరిగితే బంతి దానికి ఎదురువైపు తిరుగుతుంది. కుడిచేతి వాటం వాడు కర్ర కొసవైపు కొడితే బంతికి ఎడమకి వంగే స్పిన్ వస్తుంది. ముఖం చదునుగా ఉంటే ఆ స్పిన్‌తో ఎడమకి ఎక్కడికో పోతుంది. ఉబ్బు ఉంటే ముందు కుడికి బయల్దేరి ఎడమకి వంగి దారిలో పడుతుంది. దీన్ని గేర్ ఎఫెక్ట్ అంటారు. సన్నటి ఇనుప కర్రల్లో గరిమనాభి ముఖం పక్కనే ఉంటుంది కాబట్టి అక్కడ ఇది లేనట్టే, అందుకే వాటి ముఖాలు చదును. 1880ల నాటి వడ్రంగికి ఈ లెక్కలేవీ తెలియవు. చెక్కి చూశాడు, పనిచేసింది, ఉంచేశాడు.

ఆ చెక్క 20వ శతాబ్దంలో ఎక్కువగా పెర్సిమన్. మన అడవుల్లో బీడీలకి ఆకు ఇచ్చే తునికి చెట్టు ఉంది చూశారూ, దానికి దాయాది. రెండూ ఒకే ప్రజాతి. గట్టి చెక్క, దెబ్బ తట్టుకుంటుంది. కానీ చెక్కతో ఒక ఇబ్బంది ఉంది. బరువు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోలేం, అది చెక్క నిండా పరుచుకుని ఉంటుంది. మధ్యలో తగిలితే అద్భుతం, అర అంగుళం పక్కన తగిలితే చేతులు జివ్వుమంటాయి.

1979లో గ్యారీ ఆడమ్స్ అనే అమెరికన్ సేల్స్‌మన్ ఇల్లు తాకట్టు పెట్టి 24,000 డాలర్లు తెచ్చి టేలర్‌మేడ్ అనే కంపెనీ పెట్టాడు. సరుకు ఒక్కటే: స్టెయిన్‌లెస్ స్టీలుతో పోత పోసిన బోలు తల, 12 డిగ్రీల లాఫ్ట్. పిట్స్‌బర్గ్ స్టీలుకి పేరు కదా, అందుకని జనం దాన్ని 'పిట్స్‌బర్గ్ పెర్సిమన్' అన్నారు. బోలుగా ఉండటంతో బరువంతా అంచులకి చేరింది. అంచుల్లో బరువుంటే తల తేలిగ్గా మెలితిరగదు. మనం జడత్వ భ్రామకం అని బట్టీపట్టి, పరీక్షయ్యాక మర్చిపోయింది ఇదే.

సరిగ్గా అదే 1979 డిసెంబరులో పెర్త్ టెస్టులో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటు పట్టుకుని దిగాడు. ఇంగ్లండు కెప్టెన్ బ్రియర్లీ బంతి పాడవుతోందని గొడవ చేస్తే, లిల్లీ బ్యాటుని విసిరికొట్టాడు. ఆ వెంటనే క్రికెట్ చట్టం, బ్యాటు చెక్కతోనే ఉండాలని రాసేసుకుంది. గోల్ఫు ఆ పని చెయ్యలేదు. ఒకే ఏడాది రెండు ఆటల ముందుకి ఒకే ప్రశ్న వచ్చింది, రెండూ రెండు దారులు పట్టాయి. మిగతా కథంతా ఈ ఒక్క తేడా వల్ల వచ్చిందే అని నా అభిప్రాయం.

పెద్ద ఆటగాళ్ళు మొదట నవ్వారు. 1981లో రాన్ స్ట్రెక్ లోహపు డ్రైవరుతో అమెరికా టూర్‌లో గెలిచాక, 1984లో లీ ట్రెవినో అలాంటి దాంతోనే పీజీఏ చాంపియన్‌షిప్ ఎగరేసుకుపోయాక నవ్వు ఆగింది. పెర్సిమన్‌తో పెద్ద టోర్నమెంటు గెలిచిన చివరివాడు బెర్న్‌హార్డ్ లాంగర్, 1993 మాస్టర్స్‌లో.

ఈలోగా ఈలీ క్యాలవే రంగంలోకి దిగాడు. ముందు బట్టల మిల్లుల వ్యాపారం, తర్వాత ద్రాక్షతోటలూ వైనూ, ఆ తర్వాత గోల్ఫు. ఈయన దగ్గర డిజైన్ చూసే రిచర్డ్ హెల్మ్‌స్టెటర్ అంతకుముందు బిలియర్డ్స్ కర్రలు చేసేవాడు. 1991లో వీళ్ళు తెచ్చిన బిగ్ బెర్తా తల 190 సీసీ. ఇప్పుడు చూస్తే బొమ్మలా ఉంటుంది గానీ అప్పట్లో అది రాక్షసి, పేరు కూడా మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఫిరంగిది. స్టీలుతో అంతకంటే పెంచితే గోడలు పలచనై పగులుతాయి. టైటానియం సాంద్రత స్టీలులో సగం కంటే కొంచెం ఎక్కువ. దాంతో అదే 200 గ్రాముల్లో ఎంత పెద్ద తలైనా చెయ్యొచ్చు. 1995లో 250 సీసీ, 1997లో 290 సీసీ, తర్వాత ఐదారేళ్ళలో 400 దాటింది.

టైటానియంతో పాటు ఇంకోటి వచ్చింది, అదే నియమాలు రాసేవాళ్ళకి నిద్ర లేకుండా చేసింది. పలచటి ముఖం దెబ్బకి లోపలికి వంగి స్ప్రింగులాగా తిరిగొస్తుంది. ముఖం గట్టిగా ఉంటే వంగేదంతా బంతే, బంతి వంగితే శక్తి ఎక్కువ పోతుంది. లోహం వంగితే పోయేది తక్కువ. అందుకని 1998లో అమెరికా గోల్ఫు సంఘం యూఎస్‌జీఏ ఒక హద్దు గీసింది. తేలిగ్గా చెప్పాలంటే 100 వేగంతో వచ్చిన బంతి 83 కంటే ఎక్కువ వేగంతో వెనక్కి పోకూడదు, 0.83 అన్నమాట. మిగతా ప్రపంచానికి నియమాలు రాసే ఆర్ అండ్ ఏ మాత్రం ఒప్పుకోలేదు. ఆట ఒకటే, డ్రైవరు లండన్లో చెల్లుతుంది, న్యూయార్కులో చెల్లదు. 2000లో క్యాలవే తన ఈఆర్‌సీ టూ డ్రైవరుని, సరదాగా ఆడుకునేవాళ్ళ కోసం అంటూ, అమెరికాలోనే అమ్మకానికి పెట్టింది. దానికి ఆర్నాల్డ్ పామర్ అంతటివాడు వత్తాసు పలికి నానా తిట్లూ తిన్నాడు. ఈ రెండు సంస్థలూ అందరికీ ఒకే హద్దు మీదకి వచ్చేసరికి 2008 అయింది.

ఇంత యుద్ధం దేనికోసమో ఒకసారి లెక్క వేద్దాం, కాగితం మీద ఒక్క లైను. తల 200 గ్రాములు, బంతి 46 గ్రాములు. బంతి వేగం = తల వేగం × (1 + ఆ గుణకం) ÷ (1 + 46/200). గుణకం 0.83 అయితే తల వేగానికి 1.49 రెట్లు. పాత చెక్క రోజుల్లోలాగా 0.78 అనుకుంటే 1.45 రెట్లు. టూర్ ఆటగాడు గంటకి 113 మైళ్ళతో కొడితే 168 మైళ్ళు, 163 మైళ్ళు. తేడా సుమారు 5 మైళ్ళు, అంటే దూరంలో ఓ పది గజాలు. కానీ అమెరికా టూర్‌లో సగటు డ్రైవు 1980లో సుమారు 257 గజాలు, 2003లో సుమారు 286, 2023కి దాదాపు 300. నలభై పైచిలుకు గజాల్లో స్ప్రింగు వాటా పదే! మిగతా ముప్ఫై ఎక్కడ్నుంచి వచ్చాయి?

కొంత ఆటగాళ్ళ కండల్లోంచీ, తేలికైన గ్రాఫైట్ కర్రల్లోంచీ. మిగతాది, పైన చెప్పిన నాబ్‌ని విడదియ్యడంలోంచి. పాత బంతికి లోపల రబ్బరు దారం చుట్టి, పైన మెత్తటి బలాటా తొడిగేవారు. అది విపరీతంగా తిరిగేది. అందుకే అప్పటి మొనగాళ్ళు 8, 9 డిగ్రీల డ్రైవర్లతో బంతిని కిందగా కొట్టేవాళ్ళు. 2000లో ప్రో వీ1 లాంటి గట్టి గుండె బంతులు వచ్చాక డ్రైవరు దెబ్బకి తిరగడం తగ్గింది. ఇటు డ్రైవరు తలలో బరువుని కిందకి దించారు. గరిమనాభికి పైన తగిలిన బంతి ఎత్తుగా లేస్తుంది, పైగా అదే గేర్ ఎఫెక్ట్ ఈసారి నిలువుగా పనిచేసి వెనక్కి తిరిగే స్పిన్‌ని కోసేస్తుంది. చూశారా, 1880ల ఉబ్బు వెనక ఉన్న సూత్రమే, తొంభై డిగ్రీలు తిప్పి వాడుకున్నారు. 2014లో టేలర్‌మేడ్ అయితే, మీ డ్రైవరుకి లాఫ్ట్ పెంచండహో అని ఊరంతా ప్రచారం చేసింది. ఇరవై ఏళ్ళ ముందు ఆ మాట అంటే ఆడవాళ్ళ కర్ర తెచ్చుకోమని ఎగతాళి చేసేవాళ్ళు.

ఎగతాళి అంటే గుర్తొచ్చింది. ట్రాక్‌మ్యాన్ ప్రచురించిన టూర్ సగటుల్లో మగ ఆటగాళ్ళు డ్రైవరుని 1.3 డిగ్రీలు కిందకి దించుతూ కొడితే, ఆడవాళ్ళు 3 డిగ్రీలు పైకి లేపుతూ కొడుతున్నారు. 94 మైళ్ళ వేగంతో 218 గజాలు గాల్లో పంపాలంటే అదే దారి. ఉన్న వేగాన్ని ఎవరు పొదుపుగా వాడుతున్నారో మీరే చూడండి.

ఈ ట్రాక్‌మ్యాన్ అనేది డెన్మార్కు కంపెనీ, 2003లో మొదలైంది. దాని రాడారు ఇంజనీరు ఫ్రెడ్రిక్ టుక్సెన్ అంతకుముందు తుపాకీ గుళ్ళనీ క్షిపణుల్నీ వెంటాడే రాడార్లు చేసే చోట పనిచేశాడు. ఆ రాడారుని గోల్ఫు బంతి వెనక పెట్టేసరికి ఒక పెద్ద నమ్మకం కూలింది. గురువులంతా దశాబ్దాలుగా ఏం చెప్పేవాళ్ళంటే, బంతి కర్ర ఊగిన దిక్కులో బయల్దేరి, ముఖం చూస్తున్న దిక్కుకి వంగుతుందని. రాడారు చెప్పింది దాదాపు తిరగేసి ఉంది. డ్రైవరు విషయంలో బయల్దేరే దిక్కులో సుమారు 85 శాతం ముఖానిదే. ఊపు దిక్కుకీ ముఖం దిక్కుకీ మధ్య తేడా ఎంత ఉంటే అంత వంపు.

ఇది పండితుల గొడవ అనుకోకండి. కుడిచేతి వాటం మామూలు ఆటగాడికి బంతి కుడికి వంగిపోవడం ప్రపంచవ్యాప్త రోగం. బంతి కుడికి పోతోంది కాబట్టి వాడు ఇంకా ఎడమకి ఊపుతాడు. ముఖం అలాగే ఉంది, ఊపు ఎడమకి జరిగింది, అంటే తేడా పెరిగింది, వంపు ఇంకా పెరిగింది. దాంతో ఇంకొంచెం ఎడమకి... తప్పుడు మోడల్ పెట్టుకుని డీబగ్ చేస్తే ప్రతి ఫిక్సూ కొత్త బగ్గే కదా. డబ్బులిచ్చి పాఠం చెప్పించుకున్న పాపానికి ఎంతమంది ఏళ్ళ తరబడి తమ చేతుల్ని తిట్టుకుని ఉంటారో! మరి మహా ఆటగాళ్ళు చెట్టు చుట్టూ బంతిని ఎలా తిప్పేవాళ్ళు? చేతులకి నిజం తెలుసు. నోటికి తెలీదు. చేసింది ఒకటి, పుస్తకాల్లో చెప్పింది ఇంకోటి.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదీ: 1968లోనే బ్రిటన్లో అలస్టేర్ కోక్రన్, జాన్ స్టాబ్స్ ప్రయోగాలు చేసి, ఉన్నదున్నట్టు పుస్తకం రాశారు. 1990ల్లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త థియొడోర్ జోర్గెన్‌సెన్ అదే సంగతి జామెట్రీతో సహా వివరించాడు. ఈయన మన్‌హటన్ ప్రాజెక్టులో పనిచేసినవాడు. అయినా కోచ్‌లు మారలేదు. రాడారు వచ్చి, కొట్టిన మరుక్షణం తెర మీద అంకె చూపిస్తే గానీ మారలేదు.

కొలత చేతికొచ్చాక డిజైనర్లు ఊరుకుంటారా. 2018లో టేలర్‌మేడ్ వందేళ్ళ నాటి ఉబ్బునే మెలితిప్పింది. జనం నిజంగా ఎక్కడ తప్పు కొడుతున్నారో చూసి, కొసవైపు పైభాగం కాస్త తెరిచి, పిడివైపు కిందిభాగం కాస్త మూసింది. 2019లో క్యాలవే తన ముఖం లోపలి వైపుని మెషీన్ లెర్నింగ్‌తో 15,000 సార్లు మార్చి మార్చి చేశామని చెప్పుకుంది. కంపెనీ మాట కాబట్టి కొంచెం ఉప్పు తగ్గించి తినాలి గానీ, లోపలి గీతలు చూస్తే మనిషి గీసినట్టు మాత్రం ఉండవు.

నియమాల వాళ్ళు 2004లో తల పరిమాణానికి 460 సీసీ అని హద్దు పెట్టారు. నా లెక్కలో అసలు పొరపాటు అక్కడ జరిగింది. స్ప్రింగు మీద పదేళ్ళు కొట్టుకున్నారు, దాని వాటా పది గజాలు. తల పెద్దదైతే పక్కన తగిలినా పెద్దగా పోయేదేం లేదు. ఆ భరోసా ఉన్నవాడు వెనకాముందూ చూడకుండా ఒళ్ళంతా విరుచుకుని ఊపుతాడు. వేగం అక్కడ్నుంచి వచ్చింది. పెర్సిమన్ రోజుల్లో మధ్యలో కొట్టడమే ఒక విద్య, దానికోసం వేగాన్ని ఒదులుకునేవాళ్ళు. టూర్ వాళ్ళకి 300 సీసీ దగ్గర ఆపేసి, ఆదివారం ఆడే మనలాంటి వాళ్ళకి 460 ఉంచి ఉంటే సరిపోయేది. కానీ ఒకే ఆటకి ఒకే నియమం అన్నది వాళ్ళ పట్టుదల.

ఆ పట్టుదల ఫలితమే 2023 డిసెంబరు ప్రకటన. డ్రైవర్ని వదిలేసి బంతి మీద పడ్డారు. అదే ఏడాది మార్చిలో, టూర్ వాళ్ళకి మాత్రమే వేరే బంతి అన్నారు. ఆటగాళ్ళూ కంపెనీలూ గోల చేస్తే, ఆఖరికి అందరికీ అన్నారు. ఆ ప్రకటన ప్రకారం పెద్దవాళ్ళకి 2028 నుంచి, మిగతావాళ్ళకి 2030 నుంచి. బంతిని పరీక్షించే యంత్రం సెట్టింగులు మారుస్తారు, అంతే. పాత సెట్టింగు: 120 మైళ్ళ వేగం, 10 డిగ్రీల కోణం, నిమిషానికి 2,520 చుట్లు. కొత్తది: 125 మైళ్ళు, 11 డిగ్రీలు, 2,200 చుట్లు. దూరం హద్దు మాత్రం పాతదే, 317 గజాలు, దాని మీద 3 గజాల వెసులుబాటు. ఎత్తు పెరిగింది, స్పిన్ తగ్గింది. నలభై ఏళ్ళ డ్రైవరు చరిత్ర అంతా ఆ మూడంకెల మార్పులో ఉంది. బాగా దూరం కొట్టేవాళ్ళకి 13 నుంచి 15 గజాలు తగ్గుతుందనీ, మామూలు ఆటగాళ్ళకి 5 గజాల లోపే అనీ వాళ్ళ అంచనా. అయిదు గజాలే కావచ్చు, కానీ 93 మైళ్ళతో ఊపే మామూలు ఆటగాడు ఎవరి ఆటా చెడగొట్టలేదే!

అదే ప్రకటనలో చివర్న ఇంకో ముక్క ఉంది, పెద్దగా ఎవరూ చర్చించలేదు. డ్రైవర్ల సంగతి ఇంకా చూస్తూనే ఉంటారట. ముఖ్యంగా, బంతి మధ్యలో తగలనప్పుడు డ్రైవరు ఎంతవరకు కాపాడుతోంది అన్నదాని మీద పరిశోధన కొనసాగిస్తారట.